మారిసెల్ మూసిన తలుపు

వెనక్కి తిరగకుంటే బాగుండు, ఈ లైను ఇట్లాగే ముందుకు పోయి ఆమె వేళ్ళు ఆమె వేసి, నా వేళ్ళు నేను వేసి, ఎవరి దారిన వాళ్ళం బయటపడితే బాగుండు అనుకుంటూ ఆ మెడకేసే చూస్తున్నాను. మా ఇద్దరి మధ్యా ముగ్గురు ఆడవాళ్ళున్నారు. వాళ్ళ భుజాల సందుల్లోంచి ఆ మెడ కనిపిస్తోంది, మాయమవుతోంది. పొట్టి జుట్టు, పైకెత్తి పెట్టిన క్లిప్పు, చెవి కింద చింతగింజంత కాలిన మచ్చ. ఆ మచ్చ మీద మొదటిసారి పేస్టు రాసింది నేనే. మామా, అంటే మా యజమానురాలు, ఆమె చెల్లెలి జుట్టుకు వంకీలు తిప్పే కడ్డీ తగిలి కాలితే, వంటింట్లో కూర్చోబెట్టి నోటితో ఊదుతూ రాశాను. మారిసెల్. ఫిలిప్పీన్ మారిసెల్. నేను కువైట్‌కు వచ్చిన కొత్తలో రెండు నెలలు నాతో ఒకే ఇంట్లో పనిచేసిన మనిషి. నా నోట్లోంచి వచ్చిన రెండు మాటలతో ఆ ఇంట్లోంచి పోయిన మనిషి. మూడేళ్ళు దాటింది. ఈ ఊళ్ళో ఎంతమంది ఫిలిప్పీన్ వాళ్ళు లేరు, ఏ బజారుకు పోయినా ఏ ఆసుపత్రికి పోయినా వాళ్ళే, అన్ని చోట్లా నేను ఈ మెడ కోసమే వెతికాను, కనబడితే పక్క సందులోకి పోదామని. ఇక్కడ పక్క సందు లేదు. లైను వదిలితే మళ్ళీ వెనక నుంచి రావాలి. బయట కారులో అల్లాబకష్ ఉన్నాడు. రాయచోటి మనిషి, మా ఇంటి డ్రైవరు. ఇఖామా, అదే ఇక్కడ ఉండడానికి ఇచ్చే పర్మిట్టు, పొడిగించడానికి వేలిముద్రలు వేయాలని నన్ను ఇక్కడికి తేవడం అతనికి ఇది మూడోసారి. బ్లీచింగు నీళ్ళలో నాని నాని నా వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి, మిషను పట్టుకోవడం లేదు, వారం రోజులు క్రీము రాసుకుని రమ్మని రెండుసార్లు తిప్పి పంపారు. దిగేటప్పుడు అతను నవ్వాడు కూడా. "ఏం మే ఎంకటేశూ, ఈ తూరన్నా నీ ఏళ్ళు పడతాయా, లేకుంటే నా ఏళ్ళు పెట్టి రానా?" అన్నాడు. "నీ ఏళ్ళు పెడితే నీ గడ్డం గూడా పెట్టాల్సొస్తాదన్నా" అన్నాను. అప్పుడు నవ్వు వచ్చింది. ఇప్పుడు ముందున్నామె వెనక ఇంకొంచెం నక్కాను.

నా కూతురు యశ్విత ఈ వేళకు లేచి ఉంటుంది. ఇక్కడ తొమ్మిదంటే మా ఊరు గాలివీడులో పదకొండున్నర, లేవడమేమిటి, అంగన్‌వాడీలో గుడ్డు తిని ఇంటికి వచ్చే వేళ. దానికి నాలుగేళ్ళు నిండబోతున్నాయి. మా అక్క గురమ్మ దగ్గర పెరుగుతోంది, గురమ్మను అమ్మా అంటుంది, నన్ను ఫోన్‌లో చూసి కువైట్ అమ్మ అంటుంది. తప్పు దానిది కాదు. దాన్ని వదిలి వచ్చేటప్పుడు దానికి ఏడో నెల. వీసా మొదట వచ్చినప్పుడు నేను కడుపుతో ఉన్నాను, అది తిరిగి పోయింది, రెండోసారి వచ్చినప్పుడు ఏజెంటు చెప్పాడు, ఇది కూడా వదిలితే మళ్ళీ రాదమ్మా, పసిబిడ్డ ఉందంటే ఏ మామా తీసుకోదు, అడిగితే మూడేళ్ళ పాప ఉందని చెప్పు అని. ఎనిమిదితో చదువు ఆపేసిన దాన్ని, కాగితం మీద ఏం రాశారో నాకేం తెలుసు, చెప్పమన్నది చెప్పాను. మా ఆయన రామాంజనేయులు టిప్పరు తోలతాడు, ఆ రాత్రికి బండి పెట్టి వచ్చి నా పెట్టెకు తాడు కట్టాడు. ఇంతకు ముందు కువైట్ చేసి వచ్చిన తిరుపాలమ్మత్త మూడు మూరల మల్లెపూలు తెచ్చి నా రొమ్ములకు కట్టింది. "పూలు కట్టుకుంటే పాలు ఇగిరిపోతాయి మే, మూన్నాళ్ళు ఓర్చుకో, మళ్ళ నీకు బిడ్డే గుర్తుకు రాదు" అంది. పాపం, మంచికే అంది. విమానంలో అంతా నా ఒళ్ళు పెళ్ళికూతురి గది లాగా వాసన కొడుతుంటే, పక్క సీట్లో ముసలాయన తుమ్ముతూ ఉంటే, ఆ పూలు లోపల నల్లబడి, తడిసి, రొమ్ములు రాళ్ళయి, చెయ్యి ఎత్తలేకపోయాను. పాలు ఇగరలేదు. మల్లెపూలు మా పక్క ఆడవాళ్ళందరికీ పనిచేశాయి, నాకు చేయలేదు.

ఎగైలాలో ఆ ఇంటికి పోయిన రెండో రోజు వంటింట్లో గిన్నెలు తోముతుంటే పైన గదిలో మామా కొడుకు మిశారీ ఏడ్చాడు. అప్పుడు వాడికి రెండు నెలలు. ఎవరి బిడ్డ ఏడుస్తోందో ఈ ఒంటికి తెలియదు కదా, ఏడుపు వినబడగానే గౌను ముందు భాగం రెండు వైపులా తడిసిపోయింది. సింకు నీళ్ళు పడ్డట్టు కనబడాలని ఇంకొన్ని నీళ్ళు చల్లుకున్నాను. మారిసెల్ సీసాలు కడగడానికి వచ్చి నన్ను చూసింది. మా ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, అప్పటికి నాకు అరబ్బీ నాలుగు ముక్కలు కూడా రాదు. ఆమె ఫ్రిజ్ తెరిచి క్యాబేజీ తీసి రెండు ఆకులు ఒలిచి, నా గౌను మెడలోకి చెయ్యి పెట్టి, ఇటొకటి అటొకటి దూర్చింది. చల్లగా, మంచులాగా, రాళ్ళయిన చోట సలుపు తగ్గింది. అట్లా నిలబడి ఏడ్చేశాను. ఆమె నా చేతిలో సీసా బ్రష్షు పెట్టి, ఊఁ, కడుగు కడుగు అన్నట్టు సైగ చేసింది. ఆమె పని మిశారీని చూసుకోవడం, నా పని ఇల్లు. అంతే, అదీ మా మధ్య జరిగిన పరిచయం, ఆ మనిషి మెడకేసి చూస్తూ తిరగకుంటే బాగుండునని ఇప్పుడు మొక్కుకుంటున్నాను.

తిరిగింది. ఎవరో టోకెన్ కింద పడేసుకుంటే తీసి ఇవ్వడానికి వంగి, లేచి, నన్ను చూసింది. నేను చూపు తిప్పుకునే లోపలే "ఫెంకటా!" అని హాలంతా వినబడేటట్టు అరిచింది. మామా ఇంట్లో నా పేరు అదే, వెంకటేశ్వరి వాళ్ళ నోట పలకదు. ఈమె తిడుతుంది, అందరి ముందూ తిడుతుంది, తిట్టనీ అనుకుని తల వంచుకున్నాను. తిట్టలేదు. తన వెనకనున్న ముగ్గురినీ ముందుకు పొమ్మని చెప్పి, తన వంతు వదులుకుని, వెనక్కి వచ్చి నా ముందు నిలబడి నన్ను వాటేసుకుంది. మూడేళ్ళ కిందటి సబ్బు వాసనే. "నువ్వు లావు! మంచి లావు! మిశారీ ఎట్లా? నడక? మాట?" అంటోంది. మాకిప్పుడు ఒక భాష ఉంది, ఒకే మామా దగ్గర తిట్లు తిని నేర్చుకున్న వంటింటి అరబ్బీ, అందులో పొమ్మనడం రమ్మనడం తెమ్మనడం కడగమనడం ఉంటాయి, తప్పైపోయింది అని చెప్పడానికి మాత్రం ఒక్కటే మాట ఉంది, గ్లాసు పగిలినా అదే, మనిషి బతుకు పగిలినా అదే. అది కూడా నా నోట రాలేదు. ఆమె నా చెయ్యి పట్టుకుని వేళ్ళు తిప్పి చూసింది. "నీది కూడా లేదా?" అని తన వేళ్ళు చూపించింది. నావి నయం, ఆమెవి ముడతలు పడి చివర్లు నున్నగా గాజులాగా ఉన్నాయి. సంచిలోంచి వాజలైన్ డబ్బా తీసి నా ఒక్కొక్క వేలికీ రాయడం మొదలుపెట్టింది, చిన్నపిల్లకు రాసినట్టు, గోటి చుట్టూ, కణుపు కణుపుకూ. లాక్కుందామనుకున్నాను. లాక్కోలేదు.

ఆ రోజు కూడా లాక్కోలేదు, మిశారీ నోట్లోంచి. అది ఎట్లా జరిగిందో నాకు ఇప్పటికీ వరుసగా గుర్తు రాదు, మధ్యాహ్నం మూడైంది, జూలై, ఇంట్లో పెద్దవాళ్ళందరూ అన్నాలు తిని పరదాలు దించి పడుకున్నారు, మారిసెల్ మేడ మీద బట్టలు తీస్తోంది, నేను వాడి గదిలో కార్పెట్ దులుపుతున్నాను, సీసా పాలు బల్ల మీద చల్లారుతున్నాయి, వాడు ఏడుస్తున్నాడు. ఎత్తుకున్నాను. ఎత్తుకుంటే ముఖం నా ఛాతీకేసి రుద్దాడు. ఆ రుద్దడం యశ్విత రుద్దినట్టే ఉంది, మతం లేదు దేశం లేదు, ముక్కు మూతీ పెట్టి వెతుక్కోవడమే. పది రోజుల రాయి ఒక్కసారి కరిగి నేను కార్పెట్ మీద కూలబడిపోయాను. కళ్ళు మూసుకుంటే గాలివీడు. తెరిస్తే తెల్ల ఉయ్యాల, గోడ మీద బంగారు రంగు అక్షరాలు. వాడు తాగుతూ నా వేలు పట్టుకున్నాడు. తాగి, త్రేనుపు తీసి, చెయ్యి వేలాడేసి నిద్రపోయాడు. సీసాలో పాలు సింకులో పోసి కడిగేశాను. ఈ ఒక్కరోజే అనుకున్నాను. మర్నాడు మూడు గంటలకు నాకంటే ముందు నా ఒళ్ళు వాడి గది దగ్గరకు పోయింది. యశ్వితకు అక్కడ గురమ్మక్క గేదె పాలలో నీళ్ళు కలిపి తాపుతోంది, దానికి విరేచనాలని ఫోన్‌లో చెప్పారు, ఇక్కడ నేను వాడికి తాపుతున్నాను. దీన్ని ఏమంటారో నాకు తెలియదు. దొంగతనమంటే ఎవరి సొమ్ము ఎవరు దొంగిలించినట్టు?

"ఫోటో ఉందా?" అంటోంది మారిసెల్. ఫోన్‌లో చూపించాను. మిశారీ ఎర్ర కారు మీద కూర్చుని నాలుక బయటపెట్టిన ఫోటో. ఆమె వాజలైన్ వేలు తెర మీద పడకుండా పక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది, బుగ్గ పెద్దది చేసి చూసింది. "నాకు గుర్తు లేదు వాడికి" అంది, నేను వాడికి గుర్తు లేను అని చెప్పబోయి. "పెద్ద. చాలా పెద్ద. పాలు మంచి తాగాడు" అని నవ్వింది.  ఎందుకు అట్లా అంది, ఊరికే అంది, పిల్లలెవరిని చూసినా అనే మాటే. లైను రెండడుగులు జరిగింది.

వాడు ఆ నెలన్నరలో బొద్దుగా అయ్యాడు. మామా మొదట మారిసెల్‌నే మెచ్చుకుంది, నీ చెయ్యి మంచిది అని ఒక పాత హ్యాండ్‌బ్యాగు కూడా ఇచ్చింది. తర్వాత మామా చెల్లెలు వచ్చింది. బిడ్డ మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కదలకుండా పడుకోవడమేమిటి, సాయంత్రం సీసా ముట్టకపోవడమేమిటి, మా స్నేహితురాలి ఇంట్లో పనిమనిషి జలుబు మందు కలిపి పడుకోబెట్టేది, ఇది కూడా అదే అంది. మారిసెల్ సంచి బోర్లించారు. అందులో సగం తాగిన జలుబు మందు సీసా ఉంది, అది మారిసెల్ తన దగ్గుకు కొనుక్కున్నదే, రోజూ నా ముందే మూతతో కొలిచి తాగేది. మామా ఏడుస్తోంది, కోపం కంటే భయం ఎక్కువ ఆమెకు, బిడ్డను గుండెకు అదుముకుని ఆ సీసా నా ముఖం ముందు పెట్టి అడిగింది, ఇది వీడికి పోయడం నువ్వు చూశావా అని. చూడలేదు మామా అనొచ్చు. అది తన మందే మామా అనొచ్చు. నేనే పాలిచ్చాను మామా, వాడు కడుపు నిండి పడుకుంటున్నాడు అనొచ్చు, అంటే మూడేళ్ళ పాప అని చెప్పిన అబద్ధం, ఏజెంటు, కాగితాలు, తిరుగు టికెట్టు, అన్నీ ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు వచ్చాయి. అప్పటికి నాకు ఒక మాట బాగా వచ్చు. మా అద్రీ. నాకు తెలియదు. అదే అన్నాను. మారిసెల్ నాకేసి చూసింది. అరవలేదు, ఒట్టు వేయలేదు, తన చొక్కాలు మడత పెట్టుకుంది. గంటలో ఆమెను మిర్కాబ్‌లో ఏజెన్సీ ఆఫీసుకు తీసుకుపోయి వదిలి వచ్చారు. ఆ సాయంత్రం మామా నాతో, ఇక నుంచి మిశారీని నువ్వు చూసుకో, ఇంటిపనికి ఇంకొకరిని పెట్టుకుంటాం అంది. మారిసెల్ మంచం నాది అయింది. దిండు కింద ఆమె జుట్టు క్లిప్పు దొరికితే చెత్తబుట్టలో వేశాను, వేసి మళ్ళీ తీశాను, మళ్ళీ వేశాను.

పాలు ఆ భయానికి నాలుగు రోజుల్లో ఇగిరిపోయాయి. మల్లెపూలు చేయలేని పని భయం చేసింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను కానీ, మరుసటేడు పక్కింట్లో పనిచేసే సుల్తానా గోడ దగ్గర నిలబడి వాళ్ళ ఇంటి సంగతి చెప్పింది. ఆమెదీ రాయచోటే. "మా చిన్నమ్మ కొడుకును చేసుకోవాలని నాకు శానా ఉన్నింది అక్కా. వాడు పసిగున్నప్పుడు మా అమ్మీ పాలు తాగినాడంట, ఖలాస్, అన్న అయిపాయ. పాలు తాపితే కన్నట్టే మాలో, పెండ్లి కుదరదు" అని నవ్వేసింది. నేను నవ్వలేకపోయాను. అంటే మిశారీకి నేనేమవుతాను? యశ్విత వాడికి అక్క అవుతుందా? ఆ ఇంట్లో ఎవరికీ తెలియకుండా వాళ్ళ వంశంలోకి గాలివీడు పిల్లను ఒకదాన్ని కలిపేశానా? ఎవరు అడిగారు, ఎవరికి చెప్పాలి? అప్పటినుంచి వాడిని నిద్రపుచ్చుతూ ముఖం చూస్తే చాలు, వాడి ముక్కులో యశ్విత ముక్కు వెతుక్కుంటాను. లేదు, ఉండదు, అయినా వెతుక్కుంటాను.

"ఫెంకటా, ఒక మాట" అంది మారిసెల్. లైను ఇంకా పదిమంది ఉంది. ఆమె గోడవారగా ఉన్న కుర్చీల వైపు గడ్డం చూపించింది. అక్కడ నల్ల అబాయా వేసుకున్న కువైటీ మామా ఒకామె కూర్చుని ఉంది, చిన్న వయసే, నిండు గర్భిణి, ఒడిలో కాగితాల ఫైలు. "నా కొత్త మామా. మంచిది. ఈ రోజు వేళ్ళు, రేపు ఇఖామా. కానీ ఏజెన్సీ చెప్పింది, ఈమె పిల్లకు మందు పోసింది అని. మూడేళ్ళు నాకు పిల్లలు లేదు, బాత్రూమ్, మెట్లు, కారు కడగడం, నడుము ఖలాస్." నడుము మీద చెయ్యి వేసుకుని ముసలామెలాగా వంగి చూపించి నవ్వింది, అన్నీ నవ్వుతూనే చెబుతుంది ఈ మనిషి. ఆ ఇంట్లో పనిచేసిన వాళ్ళెవరైనా ఉంటే ఒక్క మాట చెప్పించు అని ఆ మామా అడిగిందట, ఎవరూ లేరని పొద్దున్నుంచి ముఖం మాడ్చుకుని ఉందట, వేళ్ళు వేసే లోపల మనసు మార్చుకుంటే ఏజెన్సీ ఇంకో ఇల్లు చూపించే గడువు అయిపోయింది కాబట్టి ఇక మారిసెల్ విమానం ఎక్కాల్సిందే. "దేవుడు నిన్ను లైనులో పెట్టాడు. నువ్వు చెప్పు, మారిసెల్ మంచిది, పిల్లను బాగా చూసింది. అంతే. వేరే మాట వద్దు."

వేరే మాట వద్దు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. ఏ వేరే మాట? ఆమె కళ్ళలోకి చూశాను. ఆమె నా వేళ్ళు వదలకుండానే, గొంతు తగ్గించి, "మూడు గంటలు. నేను మేడ మీద బట్టలు, మామా లేస్తే చెప్పులు చప్పుడు. నేను దిగుతా, తలుపు మూస్తా, తలుపు ముందు ఇస్త్రీ బల్ల పెడతా. నువ్వు ఏం అనుకున్నావు, తలుపు గాలికి మూసింది?" అంది. నవ్వుతోంది.  నలభై రోజులూ అడుగుల చప్పుడు వినబడాలని నేను తీసిపెట్టిన తలుపు నేను చూసేసరికి మూసి ఉండేది, అది నా అదృష్టమనుకున్నాను, ఎయిర్ కండిషన్ గాలి అనుకున్నాను. "నాకు కొడుకు. నేను వచ్చినప్పుడు ఆరు నెలలు. నాకు కూడా క్యాబేజీ" అని తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదు, సంచి బోర్లించినప్పుడు, సీసా పట్టుకున్నప్పుడు, నేను నాకు తెలియదన్నప్పుడు? అడగడానికి నా దగ్గర మాట లేదు, ఎందుకు అని ఒక్కటే అన్నాను. ఆమె భుజాలెగరేసింది. "నీ పాప చిన్నది. నా కొడుకు అప్పుడు రెండేళ్ళు, అన్నం తింటాడు" అంది. అంతే, దానికి అంతకంటే పెద్ద కారణం లేదు ఆమె దగ్గర. మూడేళ్ళు ఈమె నన్ను వెతికి కసి తీర్చుకుంటుందని సందుల్లోకి తప్పుకుని తిరిగాను. ఆమె తిట్టి ఉంటే ఎంత బాగుండేది. నాకు ఆ నిమిషంలో ఆమె మీద కోపం కూడా వచ్చింది, ఇంత మంచితనం నా నెత్తిన ఎందుకు పెట్టావని, సిగ్గులేని కోపం.

ఆ మామా మమ్మల్ని చూసి తనే లేచి వచ్చింది, నడుము పట్టుకుని, మెల్లగా. మారిసెల్ మురిసిపోతూ నన్ను ముందుకు తోసింది. "మామా, ఫెంకటా. అదే ఇల్లు, అదే బాబు." ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నావా?" అంది. ఉన్నానన్నాను. "ఈమె ఎలాంటిది?" మంచిది అన్నాను. చెప్పమన్న మాట చెప్పేశాను, బరువు దిగుతుందనుకున్నాను, దిగలేదు. "మందు పోసిందా?" లేదు మామా. "నీకెట్లా తెలుసు? రోజంతా పక్కనే ఉన్నావా?" లేదు. "మరి బిడ్డ సాయంత్రం దాకా ఎందుకు పడుకున్నాడు? సీసా ఎందుకు వద్దన్నాడు? నాకు మీ మామా చెల్లెలు ఫోన్‌లో అంతా చెప్పింది."  ఆమె వెనక మారిసెల్ తల అడ్డంగా ఊపుతోంది, వద్దు వద్దు అని, కళ్ళు పెద్దవి చేసి. ఆ మామా కోపంగా లేదు. కడుపు మీద అరచెయ్యి పెట్టుకుని, "చూడు, నాకిది మొదటి బిడ్డ. నాకు భయంగా ఉంది. ఊరికే మంచిది మంచిది అంటే నేనేం చేసుకోను?" అని ఫైలు మూసి చంకలో పెట్టుకుంది. "ఇక వద్దులే మారిసెల్, పద. ఏజెన్సీకి పోదాం." మారిసెల్ సరే మామా అంది. సరే మామా, అంతే. చొక్కాలు మడత పెట్టుకున్న రోజు లాగానే, సంచి భుజానికి వేసుకుంటోంది, వాజలైన్ డబ్బాకు మూత పెడుతోంది, నాకు చెయ్యి ఊపడానికి చెయ్యి ఎత్తుతోంది కూడా. మిశారీ మధ్యాహ్నం నిద్ర లేచి నేను కనబడకపోతే ఏడుస్తాడు, ఎక్కిళ్ళు పెట్టి ఏడుస్తాడు, వాడికి నేను కాక ఎవరు పెట్టినా అన్నం దిగదు. ఇది చెబితే సాయంత్రానికి నా పెట్టె వాకిట్లో ఉంటుంది, వాడి ముఖం మళ్ళీ చూడనివ్వరు. యశ్వితను వదిలినట్టే వీడినీ వదలాలి.

"నేను పాలిచ్చాను" అన్నాను.

ఆ మామాకు అర్థం కాలేదు, ఏ పాలు, సీసా పాలా అంది. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టి చూపించాను. మా ఇంటి దగ్గర బిడ్డకు ఏడు నెలలు మామా, మూడేళ్ళని అబద్ధం చెప్పాను, వాడు ఏడిస్తే ఇచ్చాను, కడుపు నిండి పడుకున్నాడు, సీసా పాలు సింకులో పోశాను, ఈమె ఏమీ చేయలేదు, ఈమెకు దగ్గు, అది ఈమె మందు, నన్ను అడిగితే తెలియదన్నాను. వంటింటి అరబ్బీలో ఎన్ని ముక్కలున్నాయో అన్నీ వాడాను. మారిసెల్ ముఖం చేతుల్లో దాచుకుంది. లైనులో ముందున్న ఇథియోపియా పిల్ల వెనక్కి తిరిగి చూస్తోంది. ఆ మామా అరుస్తుందని చూశాను. ఆమె నా దగ్గరకు ఇంకొంచెం జరిగి, ఎవరికీ వినబడకుండా, "ఎన్నిసార్లు?" అంది.

ఎందుకు మామా అన్నాను. "ఇది చిన్న సంగతి కాదు. ఐదుసార్లు కడుపు నిండా తాగితే వాడు నీ కొడుకు కిందే లెక్క, నీ కూతురు వాడికి తోబుట్టువు. ఐదు లోపలైతే ఏమీ లేదు, అక్కడితో మరిచిపోవచ్చు." ఆమె నాలుగు వేళ్ళు ఎత్తి నా ముందు పెట్టింది, గోరింటాకు పెట్టుకున్న సన్నటి వేళ్ళు. "బాగా ఆలోచించుకో. నాలుగా?" గొంతులో ఎంత మెత్తదనమో. నాలుగంటే సరిపోతుంది. నాలుగంటే మారిసెల్ పనీ నిలబడుతుంది, నా పనీ నిలబడుతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు, ఈ గోడ దగ్గరే ఈ మాట ఆగిపోతుంది. మారిసెల్ చేతులు తీసి చూస్తోంది, ఈసారి తల కిందికీ పైకీ ఊపుతోంది, అవునను, అవునను. నాలుగు అనడానికి నోరు తెరిచాను కూడా. తెరిస్తే, కార్పెట్ మీద కూర్చున్న ఆ మధ్యాహ్నాల్లో ఏ నాలుగు ఉంచి ఏవి కొట్టేయాలో తెలియలేదు. వాడు మొదటిసారి తాగుతూ తాగుతూ ఆగి నన్ను చూసి నవ్విన రోజు కొట్టేయాలా? నా పేరు కాదు, ఏదీ కాదు, ఊరికే ఊఁ అని పలికిన రోజా?

"నలభై రోజులు మామా" అన్నాను. "రోజూ."

ఆమె వేళ్ళు మడిచింది. కళ్ళు మూసుకుని పెదవులు కదిపి ఏదో చదువుకుంది. తర్వాత ఫైలు తెరిచి కాగితం తీసి మారిసెల్ చేతిలో పెట్టి, "నువ్వు పో, నీ వంతు వస్తోంది, వేళ్ళు వెయ్యి" అంది. మారిసెల్ కదలలేదు. యల్లా, అని ఆమె గట్టిగా అంటే కదిలింది, రెండడుగులు వేసి వెనక్కి చూసింది, మళ్ళీ రెండడుగులు వేసింది. కిటికీ దగ్గర ఆఫీసరు ఎవరినో పిలుస్తున్నాడు. ఆ మామా అక్కడే కుర్చీలో కూర్చుని నన్ను పక్క కుర్చీలో కూర్చోమంది. ఈ దేశంలో ఏ మామా పక్కనా నేను కుర్చీలో కూర్చోలేదు. కూర్చున్నాను. ఆమె సంచిలోంచి ఫోన్ తీసి, "ఆ బిడ్డ తల్లికి ఇది తెలియాలి. అది వాడి హక్కు. నేను మాట్లాడతాను, నువ్వు పక్కనే ఉండు. నంబరు చెప్పు" అంది. ఆ నంబరు నాకు చూడకుండా వచ్చు. గాలివీడులో బస్సెక్కే ముందు ఏజెంటు నా అరచేతిలో పెన్నుతో రాశాడు, చెమటకు చెరిగిపోతుందని దారంతా బట్టీ పట్టాను. ఎనిమిది అంకెలు. ఒక్కొక్కటీ, ఆమె వేలు నొక్కేదాకా ఆగి, చెప్పాను.